మైకు బావమరిది మాట్లాడిన రోజు

మా ఆవిడ తమ్ముడికి మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. వాడి హారన్లు మోగితే కోళ్లు ఉలిక్కిపడి రేపటి గుడ్డు ఇవాళే పెట్టేసేవి. మా ఆవిడ ఒప్పుకోదు గానీ, నేను కళ్లారా చూశాను. ఏ మతం ప్రార్థనకైనా, ఏ పార్టీ సభకైనా వాడు కాదనేవాడు కాదు. పొద్దున తిట్టినవాళ్ల సభకీ, సాయంత్రం తిట్లు తిన్నవాళ్ల సభకీ అవే హారన్లు.

వాడికి నత్తి. అందుకే మైకులో "హలో" అనకుండా ఉఫ్ ఉఫ్ అని ఊది సరిచూసుకునేవాడు.

ఆ రోజు సభ వీధులూడ్చే ఆడవాళ్లది. పనిలోంచి తీసేసిన నలుగురిని మళ్లీ తీసుకోవాలని అడగడానికి కూడారు. మావాడు మైకు ఊది స్టాండుకి బిగిస్తుంటే ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

"సెట్టు విప్పెయ్. లేదంటే స్టేషన్‌కి పట్టుకుపోతా."

ఆ సెట్టు పోతే వాడికి తిండి లేదు. నాతోపాటు సభ చూడ్డానికొచ్చిన మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "ఏమండీ, విప్పేయమని చెప్పండి వాడికి!" నేను కదిలేలోగా వాడే నోరు తెరిచాడు.

"మా... మా... మా..."

"ఏంట్రా, మేకలాగ?"

కంగారులో వాడు మైకు ఆపడం మరిచాడు. వాడి నత్తీ, ఆయన వెటకారమూ రెండూ హారన్లలోంచి వీధంతా వినపడ్డాయి. ఒక్కరూ నవ్వలేదు. ముందు కూర్చున్న ముసలమ్మ అంది, "నిదానంగా కానీ నాయనా. మాకేం తొందర్లేదు."

"మా... మాట్లాడే హక్కు రా... రాజ్యాంగంలో ఉంది సార్. స... సభ పెట్టుకునే హక్కూ ఉంది. నాకు మా... మాట సరిగ్గా రాదు. వచ్చేవాళ్లనైనా మా... మాట్లాడనివ్వండి."

ఇదంతా బయటికి వచ్చేదాకా ముసలమ్మ ఒక్కో మాటకీ తలూపుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడ్చుకుని ఆంప్లిఫయర్‌ని జీపెక్కించాడు. "ఇప్పుడు మాట్లాడుకోండి" అన్నాడు.

మాట్లాడుకున్నారు. ముసలమ్మ ఒక్కో మాటా చెబుతుంటే ముందు వరస వెనక్కి తిరిగి గట్టిగా అనేది, ఆ వెనక వరస తన వెనకున్నవాళ్లకి. తీసేసిన నలుగురి గోడు సందు చివరిదాకా పోయింది. కాసేపు చూసి, వేరే పనేదో గుర్తొచ్చినట్టు ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు.

మా ఆవిడ గబగబా తమ్ముడి దగ్గరికెళ్లి చెంగుతో వాడి ముఖం తుడిచింది. "పదేళ్లకి సరిపడా ఇవాళే మాట్లాడేశావు కదరా!"

"అ... అక్కా, ఇం... ఇంకా ఉంది."

ఆవిడ ఖాళీ మైకు పెట్టె మీద కూర్చుంది.

"చెప్పు."