మహానంది దాకా ఆపకూడని ఇంజను

ఇంజను మోత ఆగిపోతే లోకం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు తెలిసింది కర్నూల్లో, ఒక కార్తీక సోమవారం పొద్దున, ఎర్రలైటు దగ్గర. అంతవరకూ సన్నగా గుర్రుమంటున్న కొత్త కారు ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. అద్దానికి కట్టిన నిమ్మకాయల దండ ఒకసారి ఊగి నిలబడింది. ముందు సీట్లో ఉన్న అవ్వ మెల్లగా తల తిప్పి, కారు తోలుతున్న కొడుకు వైపు చూసింది. కొడుకు అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న నా వైపు చూశాడు. నేనెవరి వైపు చూడాలో తోచక ఒళ్ళో ఉన్న కొబ్బరికాయ వైపు చూశాను. నా ఉద్యోగం ఊడిందని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఉద్యోగమంటే జవాబులు బట్టీ పట్టడమే అనుకునే వయసు నాది అప్పుడు. కడపలో బీకాం పూర్తిచేసి, కర్నూల్లో హాస్టల్లో ఉంటూ, ఒక కార్ల షోరూంలో చేరాను. ఆరు నెలలు చూసి పక్కా చేస్తామన్నారు. పక్కా కాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రమ్మని నాన్న ముందే చెప్పి పంపాడు. ఆరో నెల ఆఖరి వారానికి నేను సొంతంగా అమ్మింది ఒకే ఒక్క కారు (ఇదే). "ఈ కస్టమర్ సంతోషంగా ఉన్నానంటే నువ్వుంటావు, లేకుంటే నేనేమీ చేయలేనమ్మా" అని మా మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు సరాసరి సార్. నోరు తెరిస్తే సరాసరి అనేవాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఇంధనం విషయంలో ప్రభుత్వం పెట్టిన నిబంధన ఒక్కో కారుకు కాదు. ఒక కంపెనీ ఏడాదంతా అమ్మిన కార్లన్నీ కలిపి సరాసరిన ఇంతకు మించి కాల్చకూడదు, మించితే జరిమానా. అందుకని పెద్ద బండ్లు అమ్ముకోవాలంటే తక్కువ తాగే చిన్న బండ్లు కూడా బాగా పోవాలని పైవాళ్ళు ఆయన మెడ మీద కూర్చునేవారు, ఆయన మా మెడ మీద కూర్చునేవాడు. ఆ సరాసరి కోసమే కంపెనీ వాళ్ళు రేకు పలచన చేశారు, స్టెప్నీ టైరు సన్నగా చేశారు, గేరు ఎప్పుడు మార్చాలో బాణం గుర్తుతో చూపించారు, బండి నిలబడితే ఇంజను దానంతటదే ఆగిపోయేలా పెట్టారు. ఇదంతా ట్రైనింగులో చెప్పినప్పుడు నేను పరీక్షకు చదివినట్టు చదివి, అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకున్నాను.

షోరూంకు వచ్చేవాళ్ళకు ఆ పాఠంతో పనిలేదు. అందరూ మొదట అడిగేది మైలేజు ఎంత ఇస్తుందని. తరవాత పిడికిలితో బానెట్టు మీద టకటకా కొట్టి చూసి పెదవి విరిచేవారు. డోన్ దగ్గర పల్లె నుంచి వచ్చిన మా కస్టమర్ కూడా (వేరుశనగ వ్యాపారం ఆయనది, పెద్ద మీసాలు, చిన్న గొంతు) తలుపు నాలుగుసార్లు వేసి తీసి చూశాడు. "తలుపు ఏస్తే ధడేల్ అనల్ల గదమ్మా, ఇదేంది డబ్బా మూత మాదిరి అంటాండాది" అన్నాడు. బరువు తగ్గితేనే మైలేజు పెరుగుతుంది సార్ అన్నాను. రెండూ కావాలన్నాడు. రెండూ కావాలని అడగని కస్టమర్‌ను నేను ఆ ఆరు నెలల్లో చూడలేదు. ఇప్పుడు నేను కూడా అట్లాంటి కస్టమర్నే.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండిని ముహూర్తానికి స్టార్టు చేస్తే మహానంది మెట్ల దగ్గరికి చేరేదాకా ఇంజను ఆపకూడదు. ట్రాక్టరుకూ జీపుకూ అట్లాగే చేశారట. ఆయన అన్న కొన్న మోటారుసైకిల్ మాత్రం దారిలో పెట్రోలు అయిపోయి ఆగిందని, ఏడాది తిరక్కుండా ఆ అన్న కాలు విరిగిందని, ఆయన డెలివరీకి ముందు రోజే నాకు చెప్పాడు. "ఆగినాదంటే అట్లనే ఎనక్కి తిప్పుకొనొచ్చి మీ షోరూములోనే పెట్టిపోతాం. తరవాత నన్ను అనొద్దమ్మా" అని కూడా చెప్పాడు. నేను వింటూ తల ఊపాను. అప్పుడు నా బుర్రలో ఉన్నది రంగు రిబ్బను ఎక్కడ దొరుకుతుందా అన్న ఆలోచన. మరునాడు డెలివరీలో పద్ధతి ప్రకారం నేను బండిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే వివరించాలి. సగం చెప్పేసరికి రాహుకాలం వస్తోందని ఆయన తల్లి, అదే ముందు సీట్లోని అవ్వ, తొందరపెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, బండి కదిలింది. చెప్పకుండా మిగిలిపోయిన సగంలో ఇంజను దానంతటదే ఆగే సంగతి ఉంది. పైగా ఏమైనా అయితే అడిగేదానికి ఈ పాప కూడా రావల్ల అని అవ్వ పట్టుబట్టడంతో నన్ను కొబ్బరికాయతో సహా వెనక సీట్లో కూర్చోబెట్టారు.

ఏసీ వేసి ఉంటే బహుశా ఇంజను అంత తొందరగా ఆగేది కాదు. ఆ గాలి పడదని అవ్వ ముందే ఆపించింది. కొడుకు మంచి డ్రైవరు, ఎర్రలైటు పడగానే గేరు న్యూట్రల్ చేసి క్లచ్చి మీద నుంచి కాలు తీశాడు. అంతే.

"ఆగిపోయినాది" అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా.

నేను బట్టీ పట్టిన జవాబు మొత్తం నాలుక చివర ఉంది. కానీ నాకు నాన్న కనిపించాడు, సర్దిన పెట్టె కనిపించింది, ఆ ఇంటి పెద్దన్న విరిగిన కాలు కూడా కనిపించింది. సిగ్నలు పక్కన చిన్న ఆంజనేయస్వామి గుడి కూడా కనిపించింది. "దండం పెట్టుకుంటోంది సార్" అన్నాను. "ఈ మోడల్ అంతే. గుడి ముందు ఆగితే ఒక్క నిమిషం మౌనంగా ఉంటుంది. క్లచ్చి తొక్కండి, మళ్ళీ మాట్లాడుతుంది." (డిగ్రీలో నాకు మార్కెటింగులో మంచి మార్కులే వచ్చాయి.) పచ్చలైటు పడింది, ఆయన క్లచ్చి తొక్కాడు, ఇంజను బుద్ధిగా గుర్రుమంది. అవ్వ కళ్ళు మూసుకుని స్వామికి దండం పెట్టి, తరవాత డాష్‌బోర్డుకు కూడా పెట్టింది. "మనుషులకంటే మేలు" అంది.

ఊరు దాటి, ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటేదాకా నేను వేడుకోని దేవుడు లేడు. ఎక్కడా ఆగకుండా పోతే చాలనుకున్నాను. ముందు జాగ్రత్తగా, ఆగాల్సి వస్తే క్లచ్చి మీద నుంచి కాలు తీయకండి సార్ అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు. "క్లచ్చి మీద కాలు పెట్టుకోనుంటే ప్లేటు కాలిపోతాది, మైలేజు పడిపోతాదని నువ్వే గదమ్మా చెప్పినావు." నిజమే, నేనే చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

పాణ్యం దగ్గర ఒక లారీ రోడ్డుకు అడ్డంగా తిరుగుతూ మమ్మల్ని నిలబెట్టింది. ఇంజను మళ్ళీ మౌనం పాటించింది. నేను గుడి కోసం ఎడమ పక్క చూశాను. లేదు. కుడి పక్క చూశాను. కుడి పక్కన బ్రాందీ షాపు ఉంది, అప్పుడే షట్టరు ఎత్తుతున్నారు. కారులో ముగ్గురం ఆ షాపు బోర్డునే చూస్తున్నాం.

"ఈడ గూడా దండమేనా పాపా?" అంది అవ్వ.

నేను కొబ్బరికాయ పీచు సవరించాను. అవ్వ నంద్యాల దాటేదాకా తన వైపు అద్దంలో నన్నే చూస్తూ కూర్చుంది. నాకు చెమట పట్టి జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. నంద్యాల దాటాక రైల్వేగేటు పడి ఉంది. మూడోసారి ఇంజను ఆగింది. ఇటు గుడీ లేదు, అటు షాపూ లేదు. రెండు పక్కలా వరిపొలాలే. కొడుకు స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాడు. "మా, ఎనక్కి తిప్పుతాండా" అన్నాడు తల్లితో.

అప్పుడు చెప్పేశాను. ఏడుపు గొంతుతో, బట్టీ పట్టిన వరసలో కాకుండా, ఏది ముందు గుర్తొస్తే అది. నేను చెప్పింది అబద్ధమని, బండికి భక్తి లేదని, నిలబడి ఉన్నప్పుడు ఊరికే పెట్రోలు కాలకుండా ప్రభుత్వ నిబంధన కోసం కంపెనీ వాళ్ళే అట్లా పెట్టారని, ఇంజను అట్లా ఆగకుండా చేసే బటను స్టీరింగు పక్కనే ఉందని, అది చూపించాల్సింది నేనేనని. ఆయనకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. పెట్రోలు పోసుకునేది తానైతే, తన బండి ఎంత తాగితే ప్రభుత్వానికెందుకన్నాడు. పెట్రోలు పరాయి దేశాల నుంచి కొని తేవాలి, పొగ అందరూ పీల్చాలి, అందుకని అన్నాను. తన ఒక్కడి బండితో ఎంత తగ్గుతుందన్నాడు. ఒక్క బండి లెక్క కాదు, అమ్మిన బండ్లన్నీ కలిపి సరాసరి చూస్తారన్నాను. ఆయనకు ఎక్కలేదు. అవ్వకు ఎక్కింది.

"రొట్టెల లెక్క గదా అది" అంది. తాను కోడలిగా వచ్చిన కొత్తలో అత్త ఇల్లంతటికీ కలిపి ఇంత జొన్నపిండి అని కొలిచి ఇచ్చేదట. పెద్దోడు ఐదు రొట్టెలు తింటాడు, చిన్న కోడలు ఒకటిన్నర తింటుంది. ఎవరెన్ని తిన్నా పిండి మించకూడదు. ఐదు తినేవాడు ఇంట్లో ఉండాలంటే ఒకటిన్నర తినేవాళ్ళు కూడా ఉండాలి. సరాసరి సార్ ఆరు నెలలుగా చెబుతున్నది నాకు సరిగ్గా అర్థమైంది ఆ రైల్వేగేటు దగ్గరే.

తరవాత నా వైపు పూర్తిగా తిరిగింది. "రొట్టె కాల్చి పెనం దించినాక నేనేం చేస్తా పాపా?"

"కట్టెలు ఎనక్కి లాగుతావా అవ్వా?"

"లాగకుంటే మా అత్త ఆ కట్టెతోనే కొట్టేది." కొడుకు వైపు తిరిగింది. "రేయ్ నాయనా, దేవుని ముందర ఎలిగించేది దీపం. అది ఆరగూడదు. ఇది దీపం కాదప్పా, పొయ్యి. పొయ్యి ఆర్పుకుంటారు, మల్లా ముట్టించుకుంటారు. ఊరికే మండనిచ్చేదే తప్పు."

"మరి అన్న కాలు?" అన్నాడు ఆయన.

"మీ అన్న కాలు ఇంజను ఆగినందుకు ఇరగలే. ఇందాక ఈ పాప బండి దండం పెట్టిన అంగడి వల్ల ఇరిగినాది. ఇంట్లో అందరికీ తెలుసు, నువ్వొకనివే తెలీనట్టు ఉండావు."

రైలు పోయింది. గేటు లేచింది. ఆయన ఒక్క నిమిషం మీసం తడుముకుని, క్లచ్చి తొక్కాడు. మహానంది మెట్ల దగ్గర చేత్తో తాళంచెవి తిప్పి తానే ఇంజను ఆపి, నా దగ్గర కొబ్బరికాయ తీసుకున్నాడు. కోనేట్లో నీళ్ళు చల్లగా, అడుగున రాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. అవ్వ ఆ నీళ్ళు నా మొహాన చల్లి, "ఇంక ఊపిరి పీల్చుకో" అంది. వారం తరవాత షోరూం నుంచి ఫోన్ చేసి డెలివరీ ఎట్లా జరిగిందని అడిగితే, ఆ కొడుకు చెప్పాడట: అమ్మాయికి భయమెక్కువ, అబద్ధం చెప్పేది రాదు, ఇట్లాంటిది ఉంటేనే మంచిదని. సరాసరి సార్ ఆ మాట నాకు చెప్పి, ఇది మెచ్చుకోలో కాదో తేల్చుకోలేక, నన్ను పక్కా చేశాడు.

ఇప్పుడు కడపలో ఉంటున్నాం. నాకు ఆరేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు. గ్యాసు కట్టేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసే అలవాటు ఉంది (కట్టేసే ఉంటాను). మొన్ననే కారు కొన్నాం. నిబంధనలు ఇంకా బిగుస్తున్నాయని పేపర్లో రాస్తున్నారు. దానికి తగ్గట్టే ఇందులో స్టెప్నీ సన్నబడటం కాదు, మొత్తానికే లేదు. పంక్చరు పడితే పూడ్చుకోమని ఒక డబ్బా ఇచ్చారు. బరువు తగ్గితే మైలేజు పెరుగుతుంది అని మా ఆయన నాకే పాఠం చెప్పాడు. ఇద్దరు పిల్లలతో కర్నూలు రోడ్డు మీద స్టెప్నీ లేకుండా ఎట్లా అని నేను ఆ ఖాళీలో నీళ్ళ క్యాను, గొడుగులు, మందుల డబ్బా, రెండు దుప్పట్లు, టార్చిలైటు పెట్టాను. ఇప్పుడు ఆ సామాను స్టెప్నీకంటే బరువని ఆయన అంటాడు. కంపెనీ వాళ్ళు అంత కష్టపడి తగ్గించినదాన్ని నేనొక్కదాన్నే తిరిగి ఎక్కించానన్నమాట.

నిన్న సాయంత్రం అమ్మవారి గుడి ముందు ట్రాఫిక్‌లో ఇంజను ఆగింది. వెనక నుంచి పాప భయంగా, "అమ్మా, మన కారు చచ్చిపోయిందా?" అంది. ఇన్నేళ్ళ తరవాత, ఏమీ ఆలోచించకుండా, నా నోట్లోంచి అదే మాట వచ్చింది: దండం పెట్టుకుంటోంది నాన్నా. మా ఆయన నన్ను వింతగా చూశాడు. ఇంటికి చేరేలోపు ఇంకో రెండుసార్లు ఆగాం. రెండోది కోళ్ళ అంగడి ముందు. మా చిన్నోడు చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, వేలాడుతున్న కోళ్ళకు భక్తితో దండం పెట్టాడు.

ఈ రోజు పొద్దున ఇద్దరూ బడికి తయారవుతూ, మా కారుకు దేవుడంటే ఇష్టమని టీచరుకు చెప్పాలని మాట్లాడుకుంటున్నారు. రేపటికి అది బడంతా పాకుతుంది. షూ లేసులు కడుతూ ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. కారు దండం పెట్టలేదని, నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. అన్నం దించేశాక అమ్మ గ్యాసు ఎందుకు కట్టేస్తుందో కారు కూడా అందుకే ఆగిందని, అది దీపం కాదు, పొయ్యి అని చెప్పాను. చిన్నోడు కోళ్ళకు పెట్టిన దండం ఏమవుతుందని దిగులుపడ్డాడు. పాప మాత్రం నన్నే చూస్తూ, "మరి అబద్ధమెందుకు చెప్పావు?" అంది.

"మీరు భయపడతారని నాకు భయమేసింది" అన్నాను. "ఈసారి ఆగితే నిజమే చెబుతాను. భయమేస్తే ముగ్గురం కలిసి భయపడదాం."