మిషన్ ‘చెప్పు’ అనలేదు

తొంభైల్లో కామారెడ్డి బస్టాండు వెనక, ఒక మేడ మీది గదిలో నేను కంప్యూటర్ నేర్పేవాణ్ణి. మూడు మిషన్లు, ముప్పై మంది. ఒక్కొక్కరికి అరగంట, అందులో సగం కరెంటు కోత మింగేది. మిషన్ ఆన్ చేయగానే నల్ల తెర మీద ‘సి’ అక్షరం, దాని పక్కన రెండు మూడు గుర్తులు వచ్చి ఊరుకునేవి. ఆ తర్వాత ఏ పని కావాలన్నా ఇంగ్లీషులో పొడుగాటి ఆజ్ఞ తప్పు లేకుండా కొట్టాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మిషన్ మొండికేసేది. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అందుకని ఆ తెరను నా దారికి తెచ్చుకున్నాను. మిషన్ లేవగానే తనంతట తాను చదువుకునే ఫైలు ఒకటి ఉంటుంది. అందులో మార్చి రాసి, ఆ ‘సి’ గుర్తు తీసేసి, దాని చోట ఇంగ్లీషు అక్షరాల్లో ‘చెప్పు’ అని పెట్టాను. ఫైళ్ళ జాబితాకు ‘సూడు’, చెరపడానికి ‘తుడువు’, ఉత్తరం తెరవడానికి ‘తే’. ఒక్కో మాట వెనక నాలుగైదు అసలు ఆజ్ఞలు కట్టి దాచాను. పని సగం సమయంలో అయిపోయేది. “సారూ, పొద్దుగాల్నే మీ మిషన్ మాకు చెప్పు సూపెడ్తుంది” అని నేర్చుకునేవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. నా కళ్ళు నెత్తికెక్కాయి. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేని విద్య మరి!

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో ఒకామె వచ్చేది. నాకంటే పెద్దది, ముప్పై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి బీడీలు చేసి నడుము పోయింది, తంబాకు దుమ్ముకు దగ్గు పట్టింది. వాళ్ళ ఊళ్ళో విత్తనాల ఆఫీసు తెరుస్తున్నారనీ, కంప్యూటర్ వచ్చినవాళ్ళు ఒకరు కావాలన్నారనీ విని చేరింది.

“గా నౌకరి దొరికితె బీడీల చాట ముంగటికెల్లి లేస్త సారు. లేకుంటె నా బతుకు గంతే” అంది మొదటి రోజే.

ఆమె వేళ్ళు భలే చురుకు. నాలుగు నెలల్లో నా మాటలన్నీ పట్టేసింది. అవి నేను పెట్టిన మాటలనీ, ఈ మూడు మిషన్లు తప్ప లోకంలో ఏ మిషనూ వాటిని ఎరగదనీ మాత్రం నేను చెప్పలేదు. మర్చిపోయానంటే అబద్ధం. నా మాటలు ముప్పై మంది నోట వింటుంటే హాయిగా ఉండేది, అంతే.

ఆ ఆఫీసులో పరీక్ష జరిగిన మర్నాడు ఆమె మొదటి బస్సుకే వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

“ఏమైందక్కా?” అన్నాను.

“మిషన్ పెట్టిన్రు సారు. చెప్పు అంటదని సూసిన. అనలే. జరసేపు ఆగిన. వాండ్లేమో కొట్టు, కొట్టు అంటున్నరు. సూడు అని కొట్టిన. ఏందో ఇంగ్లీషుల వచ్చింది. మల్ల కొట్టిన, మల్ల గదే. మీ మిషన్ కరాబైంది, మా సారును పిలువుండ్రి, బాగు చేస్తడు అన్న. అందరు నవ్విన్రు సారు.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మిషన్ బాగానే ఉందనీ, ఆ మాటలన్నీ నేను కల్పించినవనీ అప్పుడు చెప్పాను. ఆమె తల వంచుకుని తన వేళ్ళకేసి చూసుకుంది. తిట్టినా బాగుండేది. ఎంత దరిద్రపు పని చేశాను! తేలిక చేస్తున్నానంటూ ఆమె కాళ్ళు విరగ్గొట్టాను.

“పది రోజులు రా అక్కా, అసలు మాటలు నేర్పుత. నేనే పోయి వాండ్లతోని మాట్లాడుత” అని బతిమాలాను.

“ఊకోండ్రి సారు. నిన్ననే ఇంకొకామెను పెట్టుకున్నరు” అంటూ సంచి భుజానికి వేసుకుంది. “గీ నాలుగు నెల్లు బీడీలు చేసుకున్నా బాగుండు.”