గాజుపట్టీకి కొట్టిన కొబ్బరికాయ

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు. భువనగిరికి కొంత దూరంలోని చిన్న పట్టణంలో మున్సిపల్ ఇంజనీరుగా ఉన్నాను. పగలంతా పగుళ్లు చూసుకోవడమే నా పని. మా ఇంటి బాత్రూం ఇప్పటికీ కారుతుంది. దాని నివేదిక మా ఆవిడ రోజూ ఇస్తుంది.

ఆ ఊరి పాత గ్రంథాలయం డంగుసున్నపు కట్టడం. ఊరివాళ్లు ఆదివారాలు కూలి తీసుకోకుండా వచ్చి బాగుచేసుకుంటున్నారు. కూలగొట్టాలా, ఉంచాలా అన్నది మాత్రం నేను తేల్చాలి. అందరికంటే ముందొచ్చేది సున్నం కలిపే కూలీ ఎల్లమ్మ. ఆమె బిడ్డ అక్కడే కూర్చుని చదివి నర్సు ఉద్యోగం తెచ్చుకుంది.

తూర్పు గోడకు నిలువు పగులుంది. దానికి టెల్‌టేల్ పెట్టాను. అంటే, పగులుకు అడ్డంగా అతికించే సన్నని గాజుపట్టీ. గోడ కదిలితే గాజు పటుక్కుమంటుంది.

"నెలలోపు ఇది పగిలితే కూలగొట్టమని రాయక తప్పదు" అన్నాను ఊరివాళ్లతో, గంభీరంగా. గంభీరం కాలేజీలో నేర్పరు, ఉద్యోగంలో చేరితే దానంతటదే వస్తుంది.

నెలకు వెళ్లి చూస్తే గాజు రెండు ముక్కలు. పెన్ను తీశాను. అప్పుడు కనబడ్డాయి: గాజుమీద మూడు కుంకుమబొట్లు, కింద తడి మరక, దాని చుట్టూ చీమలు.

"ఎల్లమ్మా, ఇదేంది?"

"ఏం లేదు సారూ."

"చీమలు గోడెక్కుతున్నయి, ఏం లేదా?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పగిల్తె కూలగొడ్తరని నువ్వే అంటివి గద. పగలొద్దని పొద్దుగాల దండం పెట్టి కొబ్బరికాయ కొట్టిన."

"ఎక్కడ?"

"గా గోడకే. ఇంకేడ కొట్టాలె? అంతా ఇసుక, సున్నమాయె. కాయ మంచిగ పగిలింది సారూ."

"గాజు కూడా మంచిగనే పగిలింది."

"మరి గాజెందుకు పెట్టినవ్? ఇనుపపట్టీ పెడితే అయిపోతుండె గద!"

నిన్నటిదాకా గాజు బాగానే ఉందని అందరూ ఒట్లు వేశారు. ఒట్లకు నివేదికలో గడి లేదు. కొత్త గాజు పెట్టి ఇంకో నెల గడువిచ్చాను. ఎల్లమ్మ దాని చుట్టూ తాడు కట్టింది. నెల తర్వాత చూడబోతే నన్నే ఆపింది: "జర దూరం సారూ, నీ చెయ్యి తగుల్తది!"

గాజు నిలిచింది. గోడ నిలిచింది. మరమ్మతు చేసి ఉంచవచ్చని రాశాను.

ఏది పగిలితే ఏమవుతుందో చెప్పి వెళ్లిపోతే చాలదని ఆరోజే తెలిసింది. అది పగలకూడదని కోరుకునేవాళ్లు ఏం చేస్తారో కూడా ముందే అడగాలి. అందుకే నివేదిక చివర ఒక షరతు చేర్చాను: "కొబ్బరికాయలు గేటు బయటనే కొట్టవలెను."

నా సర్వీసు మొత్తంలో ఒక ఊరు అక్షరాలా అమలుచేసిన సాంకేతిక సూచన అదొక్కటే.