మెత్తగా మోగిన మెట్టు

మా గల్లీలో నన్ను ‘విప్పుడు యాదగిరి’ అంటారు. విప్పడమే వచ్చు, బిగించాక రెండు స్క్రూలు మిగులుతాయని. నిజమే, మిగులుతాయి. అయిదో తరగతిలో మా పంతులు నన్ను కూడా అలాంటి స్క్రూలాగే తీసి పక్కన పెట్టాడు. బడి బాగానే నడిచింది. కానీ ఈ రాత్రి సంగతిలో ఒక్క స్క్రూ కూడా ఎక్కువ లేదు. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. తాగి ఉన్నావా అని అడిగేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు.

మా సాయిలు బావ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పియానో వాయించేవాడు. డిజిటల్ పియానో... అప్పట్లో కామాటిపురలో అలాంటిది నేను ఇంకొకటి చూడలేదు. దాని నడిమి ‘స’ మెట్టు మూగబోయింది. తెల్లారితే ధారావిలో పెళ్లి. ఒక్క మెట్టు పలకకపోయినా వేరేవాణ్ణి పెట్టుకుంటానని ఆర్కెస్ట్రా మాస్టర్ చెప్పేశాడట. చెడింది ఆ మాస్టర్ పియానో, కొలువు పోయేది మా బావది! ఇదెక్కడి న్యాయం?

“ఎట్లనన్న మోగేటట్టు చెయ్యి బామ్మర్దీ,” అని బావ దాన్ని నా మంచం మీద పెట్టి పోయాడు. వరసగా ఒంటి గదులుండే మా చాల్‌లో చెక్క గోడకు ఇవతల నేను, అవతల అక్కా బావా.

విప్పాను. మెట్లన్నీ తీసి పేపరు మీద వరసగా పేర్చాను. వాటి కింద రబ్బరు పట్టీ ఉంటుంది. మెట్టుకొక బుడిపె. బుడిపె లోపల రెండు నల్లటి బొట్లు. నొక్కితే ముందు ఒకటి బోర్డుకు తగులుతుంది, వెనక రెండోది. వెంటవెంటనే తగిలితే గట్టిగా మోగుతుంది. ఆగి తగిలితే మెత్తగా. ఇది గుర్తుపెట్టుకోండి... పాడైన మెట్టు దానంతటది మోగితే అరిచినట్టు మోగుతుంది. మెత్తగా మోగాలంటే వేలు కావాలి. నిదానంగా నొక్కే వేలు.

దూదిని స్పిరిట్‌లో ముంచి బొట్లు తుడిచాను. పట్టీని సత్తు పళ్లెంలో ఆరబెట్టాను, బుడిపెలు పైకి ఉండేలా. పియానోలో బోర్డు బోసిగా ఉంది. స్విచ్ వేసే ఉంది.

అప్పుడు... స.

మెత్తగా. నిద్రపోయే పిల్లను జో కొట్టినట్టు.

ఫాక్‌లాండ్ రోడ్డులో ఏ టాక్సీ హారనో అనుకున్నాను. మళ్లీ... స. పియానోలోంచే. భయం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. మెట్లు పేపరు మీద ఉన్నాయి, రబ్బరు పళ్లెంలో ఉంది. నేను ఇంత కష్టపడి విప్పి పెడితే, ఏం చూసుకుని మోగుతుంది? ఎవడ్రా అది అని గదిమాను. ప్లగ్గు పీకేశాను.

చప్పుడు లేదు... వరండా చివర నల్లాలో నీటి చుక్క... అవతల బావ గురక...

పళ్లెం వైపు చూశాను.

బుడిపెల వరసలో నడిమిది... కిందికి దిగుతోంది. గాలికి కాదు. పక్కవి కదల్లేదు. ఎవరో నొక్కినట్టు... నిదానంగా... అడుగంటా దిగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత లేచింది.

గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. బల్బు ఆర్పలేదు. తెల్లారుతుండగా అన్నీ బిగించాను. ఒక్క స్క్రూ మిగల్లేదు. ప్లగ్గు పెట్టి నొక్కితే స మోగింది. బావ వెళ్లాడు, వాయించాడు, మాస్టర్ నోరు మూసుకున్నాడు. కొలువు నిలబడింది.

మరి నాకు ఒక్క మెచ్చుకోలు? పైగా నల్లా దగ్గర అందరూ నన్నే నిలదీశారు. తెల్లవార్లూ వాయించి నిద్ర చెడగొట్టానట. తెల్లవార్లూ! నేను విన్నది రెండుసార్లే. ప్లగ్గు పీకాక కిక్కురుమనలేదు.

ఒళ్లు మండి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. నన్ను అందరూ తిడుతున్నారు, వాయించింది నేను కాదని నువ్వైనా నమ్ము అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న అక్క తలెత్తలేదు.

“నువ్వని నేనెప్పుడన్నరా? అంత మెత్తగ నొక్కుడు నీకేడికెల్లి ఒస్తది.”