బామ్మర్ది పట్టిన తాడు

మా ఊళ్ళో నన్ను చూపించి, బామ్మర్ది అంటే అట్లుండాలని చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అన్నవాడి నోరు నొక్కాలనిపిస్తుంది. వాళ్ళకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళూ చేసిన పాపాన్ని మోస్తూ, దాని మీద ఈ పొగడ్తలు కూడా మోశాను. ఇక నావల్ల కాదు. నువ్వెవరో నాకు తెలియదు, తెలియదు కాబట్టే ఈ కాగితాల మీద నీతో చెబుతున్నాను. మధ్యలో నన్ను ఓదార్చొద్దు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, మార్కాపురం దగ్గర ఒక మిషను ట్రైనింగు స్కూల్లో డ్రిల్లు మాస్టరు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. ఏటా క్రిస్మసు సెలవులకు ముందు, చలి ముదిరిన రోజుల్లో, పంతుళ్ళు కాబోయేవాళ్ళను నల్లమలకు తీసుకుపోయి కొండలెక్కడం, బండలు దిగడం నేర్పేవాడు. నేను ఆయనకు సహాయకుణ్ణి. ఆ ఉద్యోగం ఆయన మాట మీద వచ్చిందే. తినేది కూడా ఆయన ఇంట్లోనే.

కొండంటే ఆయనకు భయం. దాచుకునేవాడు కాదు. భయమున్నోడే పదిమందిని ఇంటికి తెస్తాడు అనేవాడు. మంచుకు తడిసిన బండ మీద ఎండ పడి ఆరేదాకా ఎవరినీ కాలు పెట్టనిచ్చేవాడు కాదు. వణికేవాణ్ణి నిప్పు దగ్గర కూర్చోబెట్టేవాడే గాని తాడు ముట్టనిచ్చేవాడు కాదు. మా తాడు బావుల దగ్గర మోటకు కట్టే మోకు. దాని ఒక కొన దిగేవాడి నడుముకు కట్టాలి. పైనున్నవాడు రెండో కొనను చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి పట్టుకోవాలి. దిగేవాడు “తాడు?” అని అడగాలి. పైవాడు చుట్లు వేశాకే “పట్టినా” అనాలి. ఆ మాట చెవిన పడందే కాలు కిందికి పోకూడదు. ఆయన నేర్పిన చదువంతా ఆ రెండు మాటలే.

అందరూ దిగాక చివర ఆయన దిగేవాడు. ఆయన తాడు నేను పట్టేవాణ్ణి, తర్వాత కాలిబాటన చుట్టూ తిరిగి కిందికి పోయేవాణ్ణి. అది నా గొప్పతనం చూసి ఇచ్చిన పని కాదు. ఆ కొండల్లో తేనె తీసే చెంచులకు ఒక కట్టుబాటు ఉంది. తేనెపట్టు కోసం బండ మీద నుంచి తాడుతో దిగేవాడికి పైన తాడు పట్టేది వాని పెళ్లాం తోడబుట్టినవాడే. అక్క ముండమోయడం తమ్ముడు ఓర్చుకోడు కదా, వాడైతే వదలడని. బావకు ఈ కట్టుబాటంటే తెగ ఇష్టం. నా పానం మా బామ్మర్ది చేతిలో ఉంది అని కుర్రవాళ్ళ ముందు నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆ రోజు పొద్దున చలికి నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఒకతని నడుముకు నేను వేసిన ముడి జారింది. బావ చూశాడు. అందరి ముందూ అన్నాడు, “నీ చేతులు మా ఇంట్లో అన్నం కలుపుకునేదానికి తప్ప ఎందుకూ పనికిరావు గదరా.” కుర్రవాళ్ళు నవ్వారు. ఆయన మరుక్షణం మరిచిపోయాడు. తిట్టి మరిచిపోవడం ఆయనకు అలవాటు. గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటు.

ఎండ వచ్చింది, బండ ఆరింది. ఒక్కొక్కరే దిగారు. వాళ్ళను నిప్పు రాజేసుకోమని బావ వాగు దగ్గరికి పంపేశాడు. పైన మేమిద్దరమే. ఆయన మోకు నడుముకు కట్టుకుని అంచు దగ్గరికి పోయాడు. నేను మద్ది చెట్టుకు ఆనుకుని, రెండు చేతులూ కంబళిలో చంకల కింద పెట్టుకుని కూర్చున్నాను. మోకు నా కాళ్ళ దగ్గర చుట్టగా పడి ఉంది.

“తాడు?” అన్నాడు.

“పట్టినా,” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తాడు? చెప్పింది నేను కదా!

ఎందుకన్నాను? కోట్లసార్లు నన్ను నేను అడిగాను. అలవాటుగా నోటికొచ్చిందా? కొంత అదే. చలా? చలి ఆయనకూ ఉంది. ఆయన చావాలని కోరుకున్నానా? లేదు, దేవుని తోడు, లేదు. కానీ ఒక జానెడు జారాలని కోరుకున్నాను. జారి, గుండె ఝల్లుమని, ఒరేయ్ అని నా పేరు పెట్టి అరవాలని, అప్పుడు ఈ పనికిరాని చేతులే ఆయనను పట్టి ఆపాలని కోరుకున్నాను. జానెడు జారితే ఆపడానికి చేతులు కంబళిలో ఉంటే ఎట్లా రా వెధవా? ఆ మాత్రం తెలియదా నీకు? తెలుసు. ఏటా నలుగురికి నేర్పినవాణ్ణి, తెలియకేం.

రాయి ఊడిన చప్పుడైంది. నా చేతులు బయటికి వచ్చేసరికి మోకు కొన కూడా అంచు దాటిపోయింది. ఆయన అరవను కూడా లేదు.

మిషను ఆసుపత్రిలో మూడో పూట కళ్ళు తెరిచాడు. నడుము విరిగింది. కుడి చెయ్యి కట్టులో ఉంది. అక్క నీళ్ళకని బయటికి పోయింది. నేను అన్నం కలిపి ఆయన నోట్లో పెడుతున్నాను. అవును, ఈ చేతులతోనే.

“ఒరేయ్, నేను తాడు అడిగినానా?” అన్నాడు. “అందరూ దిగినారు, అంతవరకు గుర్తుంది. ఆమీదట ఏమీ లేదు. అడగకుండా దిగేవాన్ని కాదే నేను. అడిగినానా?”

ముద్ద నా చేతిలో ఉంది. నేను చేసిన అసలు తప్పు కొండ మీద కాదు, ఇక్కడ.

“లేదు బావా. అడగకుండానే దిగినావు.”

ఆయన నోరు తెరిచి ఆ ముద్ద అందుకుని, నమిలి మింగాడు.

“అట్లనా,” అన్నాడు. “అయితే నాదే తప్పు. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు నాయనా.”

ఆ తర్వాత ఆయన నడవలేదు. స్కూలు నడిపే మిషను దొర వచ్చి, నీ నియమం నువ్వే తప్పితే ఎట్లా అని మందలించి ఉద్యోగం తీసేశాడు. ఆ పని నాకిచ్చాడు. ఇచ్చాడు, నేను తీసుకున్నాను! జీతమంతా అక్క చేతికి పోశాను, ఆయనను ఎత్తుకుని స్నానం చేయించాను. లోకం చూసి మెచ్చుకుంది. మెచ్చుకోవడానికి లోకానికి ఏం కావాలి, కళ్ళకు కనపడితే చాలు.

బావ మీద కూడా నాకు కోపమే. అంత తేలిగ్గా ఎందుకు నమ్మాడు? ఒక్కసారి, ఒక్కసారి నన్ను నిలదీసి ఉంటే చెప్పేసేవాణ్ణి. ఏమో, చెప్పేవాణ్ణి కాదేమో. ఆయన దగ్గర చదివి గిద్దలూరు, కొమరోలు పక్క బళ్ళలో పంతుళ్ళయినవాళ్ళు చూడటానికి వస్తే, వసారాలో నులకమంచం మీద పడుకుని చెప్పేవాడు. “పదేండ్లు మీకు చెప్పినా. ఒక్కదినం నేనే మరిచినా. మీరు నా మాదిరి చేయొద్దండి.” నేను పక్కనే విసనకర్ర పట్టుకుని వినేవాణ్ణి. వాళ్ళు పోయి వాళ్ళ పిల్లలకు అదే పాఠం చెప్పారు. ఒక మాస్టరు ఉండేవాడు, తన మాట తానే తప్పి నడుము విరగ్గొట్టుకున్నాడని.

మొన్న వానల్లో పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారు, తన తప్పును దాచుకోకుండా ఒప్పుకున్న మనిషి అని ప్రసంగం చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ నోరు పడిపోలేదు.

అక్క ఏడుస్తూ ఇప్పటికీ అదే అంటుంది. “నిన్ను ఒక్కమాట అడిగి దిగింటే ఏమయ్యేదిరా?” ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద ఆమెకున్న నింద అదొక్కటే. పోయినవాడి మీద ఆ నింద ఇంకా పెరుగుతోంది, తగ్గడం లేదు. రేపు ఆదివారం గుడి నుంచి వచ్చాక ఈ కాగితాలు ఆమెకు చదివి వినిపిస్తాను. చెప్పు తీసుకుని కొడుతుందో, మళ్ళీ గడప తొక్కొద్దంటుందో. అనాలి కూడా. క్షమిస్తే మాత్రం తట్టుకోలేను.

నీకు మాత్రం ఇప్పుడే చెప్పేశాను. నా ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది. ఇంకెవరైనా ఆ మాస్టరు కథ చెబితే, నువ్వు అడ్డం పడి చెప్పు. మా బావ అడిగే దిగాడు.