ఊరికి పోని పిల్ల

బర్రెలు ఉన్నన్నాళ్లు నాకు అక్షరాలు రాలేదు. బుద్ధి లేక కాదు, చేతులు ఖాళీ లేక. తెల్లవారకముందే పాలు పిండాలి, పేడ ఎత్తాలి, గడ్డి వేయాలి, పొద్దు వాలేసరికి మళ్లీ పిండాలి. మా పెద్దబిడ్డ ఎన్నిసార్లు పలక తెచ్చి ముందు పెట్టినా దాని మీద నా పేడ చేతి ముద్ర పడేదే తప్ప అక్షరం పడలేదు. చివరి బర్రెను అమ్మేసిన ఏడాది నాకు డెబ్బై అయిదు. మా బిడ్డ కూడా అప్పుడే పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఉంది. బడిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టే నన్నూ కూర్చోబెట్టింది. బర్రె కదిలితే ఓర్చుకుంటాను గానీ పెన్సిలు కదిలితే నాకు కోపం వచ్చేది. ఎలాగో నేర్చుకున్నాను.

మొన్న అఫ్జల్‌గంజ్‌లో ఆటో ఎక్కితే పక్కన ఒక తల్లీ, పన్నెండేళ్ల పిల్లా ఉన్నారు. పిల్ల చొక్కా కింద గట్టి ప్లాస్టిక్ కట్టు, చంకల నుంచి నడుము దాకా. తల్లి చున్నీ లాగి దాన్ని కప్పుతోంది, పిల్ల తీసేస్తోంది. మళ్లీ కప్పుతోంది, మళ్లీ తీసేస్తోంది. ఆ తల్లికి ఒక మాట చెప్పాలని నోరు తెరిచేలోపు వాళ్లు దిగే చోటు వచ్చేసింది. చెప్పలేకపోయిన మాట రాసే విద్య ఆలస్యంగానైనా చేతికొచ్చింది కనుక రాస్తున్నాను.

నిజాం పాలన పోయి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. లాడ్ బజార్ వెనక గల్లీలో మా ఇల్లు, ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు. ఇంట్లోకి రాగానే పచ్చిగడ్డి వాసన, గల్లీలోకి వెళ్లగానే గాజుల వాళ్లు లక్క కాచే వాసన. పెద్దబిడ్డకు పదకొండేళ్లు. ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నాతో పాటు ఇల్లిల్లూ తిరిగి పాలు పోసేది. ఆ ఏడాది దాని లంగా అంచు ఒకపక్క పైకి లేస్తూ వచ్చింది. విప్పి సరిచేసి కుట్టాను. నెలకే మళ్లీ లేచింది. మళ్లీ కుట్టాను. మూడోసారి లంగా పట్టుకుని, దాన్ని కుట్టిన దర్జీ ముసలాయన మీదికి లొల్లికి పోయాను.

ఆయన అద్దాలు సర్దుకుని, "బట్ట సక్కగనే ఉందమ్మా. బిడ్డను ఒకసారి వంగమను" అన్నాడు.

వంగింది. వీపు కుడివైపు దిబ్బలా లేచి ఉంది. రోజూ దానికి తల దువ్వుతున్నాను, ఒళ్లు రుద్దుతున్నాను, నాకు కనబడలేదు. బర్రె నడక చూసి ఏ కాలు నొప్పో చెప్పగలదాన్ని.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గే. పిల్ల ఎప్పుడూ బిందె కుడి చంకనే మోస్తుంది కదా, అందుకే ఒళ్లు అటు ఒరిగిందనుకున్నాను. బండికి బరువు ఒకపక్క ఎక్కువైతే రెండోపక్కకు జరుపుతాం, నాకు తెలిసిన వైద్యం అంతే. నెలరోజులు ఎడమ చంకన, పెద్ద బిందె మోయించాను. పిల్ల పళ్లు బిగబట్టి మోసేది. వంకర మాత్రం తగ్గలేదు.

మా అత్త దాన్ని పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోదాం పద అంది. పాతబస్తీలో ఎవరికి చెయ్యి విరిగినా కాలు బెణికినా ఆయన కట్టే దిక్కు. ఆయన పిల్ల వీపు మీద వేలితో పైనుంచి కిందికి ఒకసారి గీత గీశాడు. ఆ గీత ఎక్కడ ఒంపు తిరిగిందో మాకందరికీ కనబడింది.

"ఇరిగితే కడత, బెణికితే తీస్త. ఇది ఇరగలే, బెణకలే. దీని మీద చెయ్యేస్తే నాకు పాపం తగుల్తది. పెద్ద దవాఖానకు తోల్కపో బేటీ" అన్నాడు.

దవాఖానలో ఫోటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూపిస్తే, నడుస్తూ నడుస్తూ దారి మరిచిపోయిన మనిషిలా ఉంది మా బిడ్డ వెన్ను. నేను బిందె సంగతి చెప్పేశాను. నేరం ఒప్పుకున్నట్టే చెప్పాను.

"బిందెతోని ఇది రాదమ్మా. పెరిగే వయసుల కొందరు పిల్లలకు గిట్ల అయితది. ఎందుకు అయితదో మాకు గూడ తెల్వది" అన్నాడాయన. మెడ నుంచి నడుము దాకా పిండికట్టు వేస్తామనీ, మార్చి మార్చి రెండేళ్లయినా వేయాలనీ, అయినా పూర్తిగా నిటారు కాకపోవచ్చనీ చెప్పాడు. వేయకపోతే వంకర పెరిగి ఊపిరికి చోటుండదన్నాడు. "ఒక్క మాట యాది పెట్టుకో. పండవెట్టొద్దు. రోజు నడవాలె. నడవకుంటే కట్టు కట్టీ ఫాయిదా లేదు."

మా ఆయన కాగితం మీద సంతకం పెట్టడానికి జంకి, ఇంటికి పోయి ఆలోచిద్దాం అన్నాడు. ఆ కాగితంలో ఏముందో నాకు చదవడం రాదు. సిరా డబ్బీ దగ్గరికి లాక్కుని బొటనవేలు ఒత్తేశాను.

కట్టు వేసే రోజు పిల్ల గడ్డం కింద పట్టీ వేసి, మునివేళ్లు మాత్రమే నేలకు తగిలేలా పైనుంచి వేలాడదీశారు. నేను ఎదురుగా నిలబడ్డాను. తడి పట్టీలు చుట్టూ తిరుగుతుంటే, కదలని దవడతోనే అడిగింది, "అమ్మా, నన్ను తూకమేస్తున్నరా?" అక్కడున్న నర్సమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

గేటు దగ్గర మా అత్త పర్దా కట్టిన రిక్షా తెచ్చి నిలబెట్టింది. ఘోషా ఆడవాళ్లు ఎక్కే రిక్షాలకు నాలుగువైపులా గుడ్డ కడతారు, అలాంటిది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎక్కలేదు. "దించు పర్దా. బస్తీ అంత జూస్తే రేపు దీన్ని ఎవడు చేసుకుంటడు?" అంది. దించాను.

వెనక గదిలో పెట్టాం. పాలు పోసే ఇళ్లలో ఎవరడిగినా పిల్ల మేనమామ ఊరికి పోయిందని చెప్పమన్నాడు మా ఆయన. చెప్పాను. కట్టు విప్పేదాకా ఇదే మాట చెబుదామనుకున్నారు అత్తా కొడుకూ. గదిలో నడవడానికి నాలుగడుగులు లేవు. తలుపు వేసి ఉంటే ఉక్క. పడుకుని పాలు తాగితే కట్టులోకి కారి, చీమలు పట్టేవి. చీపురుపుల్లతో లోపల గీకుతూ విసనకర్రతో విసిరేదాన్ని. అది నా ముఖం చూసేది, తలుపు చూసేది.

ఎనిమిదో రోజు సాయంత్రం పక్కింటి ఆమె గడప దగ్గర నిలబడి పిల్లను అడిగింది. ఊళ్లో మంచిగుంది, జామకాయలు తింటోంది అని జామకాయలు కూడా కలిపి చెప్పాను. గదిలోకి పోయేసరికి పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది.

"అమ్మా, నేను ఊరి నుంచి ఎప్పుడొస్త?"

దానిలో వెక్కిరింపు లేదు. నిజంగానే అడిగింది.

"రేపొస్తున్నవ్" అన్నాను.

మర్నాడు పొద్దున పాలు పిండడం అయ్యాక దాని లంగా ముందేసుకుని కూర్చున్నాను. కట్టు వేశాక నడుము కొంత సర్దుకుంది, దాంతో వంకరకు తగ్గట్టు నేను కుట్టిన అంచు ఇప్పుడు రెండోవైపు లేస్తోంది. రెండుసార్లు వేసిన కుట్లూ విప్పేశాను. రెండు జడలు వేసి, కట్టు మీద కనబడేలా ముందుకు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టాను. వీధి తలుపు రెండు రెక్కలూ తెరిచాను.

"ఏమే, సిగ్గు శరం ఉన్నదా నీకు? గట్లనే తోల్కపోతవా దాన్ని?" అని మా అత్త అడ్డం నిలబడింది.

"డాక్టరు నడవమన్నడు అత్తా. గోడలకు చెప్పలే, బిడ్డకు చెప్పిండు."

మా ఆయన కొట్టంలోంచి వచ్చాడు. ఇద్దరినీ చూశాడు. పిల్ల మోసే బిందె తాను చంకన పెట్టుకుని, "పోనీయే అమ్మా. ఆలస్యమైతే పాలు ఇరుగుతయ్" అన్నాడు.

పక్కింటామె చేతిలో చీపురు ఆగిపోయింది. "ఊరికి పోయిందంటివి, ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే వచ్చింది. మంచిగ చూడు" అన్నాను.

పిల్లకు మెడ తిప్పే వీలు లేదు కనుక మొత్తం మనిషిని తిప్పి ఆమెను చూసి నవ్వింది. దుకాణాల ముందు ఒక్కొక్కరే తలెత్తుతుంటే, దాని చెయ్యి పట్టుకుని గల్లీ నడిమధ్యన, దాని అడుగెంతో నా అడుగూ అంతే వేస్తూ నడిచాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎటు పోయాయో నాకు తెలియదు, ఆ పొద్దు మాత్రం ఇంకా ఆ గల్లీలోనే నడుస్తోంది.