అరుంధతి పాటకు ఓబయ్య వన్స్‌మోర్

రెండేళ్లుగా వెనక్కి పంపుతూ వచ్చిన సింగపూర్ గాయక బృందం చివరికి అరుంధతిని వేదిక మీద ఒంటరిగా పాడటానికి ఎంచుకుంది. ఆమె సాధించిన మొదటి విజయం అదే. పాడాల్సింది పాతకాలపు ఇటలీ కవులు పద్నాలుగేసి పాదాల్లో రాసుకున్న ప్రేమ సానెట్లు, వాటికి శాస్త్రీయ స్వరకర్తలు పియానో మీద కట్టిన బాణీలు. పగలంతా బ్యాంకు కంప్యూటర్లను రెండువేల సంవత్సరపు గండం గట్టెక్కిస్తూ, సాయంత్రాలు నోరు తిరగని ఇటాలియన్ పలుకులు సాధన చేసి సంపాదించుకుంది ఆ చోటు. పామిడి దగ్గరి పల్లెలో పుట్టిన పిల్ల!

తండ్రి ఓబయ్య మాత్రం తక్కువవాడా? చదివింది ఐదో తరగతే. అయితేనేం, ఆయన హార్మోనియం లేనిదే ఆ చుట్టుపక్కల పౌరాణిక నాటకానికి తెర లేచేది కాదు. కదిరిలో వెండి పతకం, ఆదోనిలో శాలువా. భార్య పోయాక కూతురు ఆయన్ని సింగపూర్ శివారు వుడ్‌ల్యాండ్స్‌లోని తన ఫ్లాట్‌కు తెచ్చుకుంది. ఆమె సాధన చేస్తుంటే వింటూ వంట చేయడమే ఆయనకు రోజూ పండగ.

మార్చిలో కచేరీ. ఒక సానెట్ చివర ఆమె గొంతు తారస్థాయిలో సన్నగా నిలిచి, మెల్లగా అణిగింది. హాలంతా నిశ్శబ్దం. ఇంత పాడితే ఒక్కరూ చప్పట్లు కొట్టరే! పిల్లకు అవమానం జరిగిపోతోందనుకున్నాడు ఓబయ్య. పద్యం రక్తి కడితే నాటకాల్లో జనం ఊరుకుంటారా? లేచి నిలబడి, "వన్స్‌మోర్!" అని గావుకేక పెట్టాడు.

పియానో మీదికి వంగినాయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తర్వాతి పాటను అరుంధతి తప్పు మాటతో ఎత్తుకుంది.

"నాన్నా, పాటకూ పాటకూ నడుమ అక్కడ చప్పట్లు కొట్టరు. అన్నీ ఒకటే కథ మాదిరి వింటారు," అంది ట్రైన్‌లో.

"నాకేం తెలుసు మ్మా? పీనుగ కాడ కూర్చున్నట్ల కూర్చోనుండ్రి గదా అందరూ!"

ఆమె నవ్వలేదు.

మర్నాటినుంచి ఇంట్లో సాధన మానేసింది. ఆఫీసు దగ్గర అందుకో గది దొరికిందంది. ఇల్లు చేరేసరికి అలసిన గొంతులో మాటలు కూడా మిగిలేవి కావు. ఓబయ్య కిందికి దిగి, చదరంగం ఆడే చైనా ముసలాళ్ల పక్కన నిలబడేవాడు. "అంకుల్, మకాన్?" అని ఒకాయన అడిగితే, తిన్నానని తలూపేవాడు. వాళ్ల స్నేహం అంతవరకే.

జూన్‌లో అరుంధతికి వియన్నా నుంచి పిలుపొచ్చింది, నెల రోజుల పాటల శిక్షణకు. ఆమె పెట్టె సర్దుతుంటే ఓబయ్య ఉండబట్టలేకపోయాడు.

"ఇంగ నా ముందర పాడవా మ్మా?"

"నువ్వు మళ్లీ యాడ లేస్తావో అని భయం నాన్నా. నీ పక్క చూస్తే మాట మర్చిపోతా."

"ఎనక వరసలో కూర్చుంటాలే. కనపడను."

"అప్పుడు నువ్వు యాడుండావా అని వెతుకుతాంటా."

ఇద్దరూ కాసేపు చీరలు మడతపెట్టారు.

"వచ్చినాక ముందు ఇంట్లోనే పాడతా. నీకొక్కనికే. గమ్మునుండేది నేర్చుకో."

"పాడేటప్పుడు గమ్మునుంటే చాలునా?"

"పాడినాక గూడా!"

ఈసారి నవ్వింది.

ఆమె వెళ్లిపోయాక ఓబయ్య రేడియోలో పాట పెట్టుకుని, అది అయిపోయాక చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అది పెద్ద కష్టమేమీ కాలేదు, పలకరించేవాళ్లు లేరు గనక. అరుంధతి తిరిగొచ్చే విమానం చాంగీ ఎయిర్‌పోర్టులో దిగేది జూలై 29, శనివారం.